పోప్లార్ల నీడలో బ్రేకు

మార్చి రెండో వారంలో ఒక ఉదయం బడి గేటు ముందు బ్రేకు నొక్కితే కారు ఆగలేదు. వేగం ఎక్కువేమీ లేదు. పెడల్ నా అరికాలిని వెనక్కి తన్నింది. ఒక్కసారి కాదు, టకటకా తన్నుతూనే ఉంది. కారు మాత్రం తన దారిన తాను జారుకుంటూ గేటు దాటి, పారతో ఎత్తి కుప్ప పోసిన మంచులోకి ముక్కు గుచ్చుకుని నిలిచింది. బడి గంటకు ఇంకా ఇరవై నిమిషాలుంది. ఎవరూ చూడలేదు.

నేను వెంటనే దిగలేదు. “నొక్కాను. నా కాలిని వెనక్కి తన్నింది. అయినా పోయింది.” ఈ మాటలు నా భార్య జిపార్ నవంబరులో చెప్పింది. ఇదే గేటు దగ్గర, ఇదే కారు గురించి. అప్పుడు నేను నమ్మలేదు.

జిపార్ మా ఊరికీ చుట్టుపక్కల ఐదు ఊళ్ళకూ ఇరవై రెండేళ్ళపాటు కాన్పులు చేసిన నర్సు. కారు ఆమె కోసమే కొన్నాం. మూడేళ్ళ క్రితం రాజధాని బిష్కెక్‌లో పాత కార్ల సంతలో, వెండి రంగు జపాన్ కారు, పాతది. ఆమెకు తొమ్మిదేళ్ళుగా చక్కెర జబ్బు. కిందటి ఏడాది నుంచి పాదాలు కొద్దికొద్దిగా మొద్దుబారుతున్నాయని డాక్టరు చెప్పాడు. నవంబరులో ఒక ఉదయం నన్ను బడి దగ్గర దింపడానికి వచ్చినప్పుడు, బడి వంటమనిషి బుబుసారా పాలడబ్బా పట్టుకుని దారి దాటుతోంది. కారు ఆగలేదు. బుబుసారా ఎడమ కాలి ఎముక రెండు చోట్ల విరిగింది.

ఆ సాయంత్రం నేను కారును ఊరి బయట ఎండిన తారు రోడ్డు మీదికి తీసుకెళ్ళి పదిసార్లు బ్రేకు వేసి చూశాను. పదిసార్లూ ఆగింది. ఇంటికొచ్చి కారులో ఏ లోపమూ లేదని జిపార్‌తో చెప్పాను.

“లోపం లేకపోతే నా కాలిని తన్నిందెవరు?” అంది.

“నీ కాలికి ఏం తెలుస్తుంది జిపార్, ఈ జబ్బుతో,” అన్నాను.

పోలీసు కుర్రాడికి కాగితం మీద ఏం రాయాలో తోచలేదు. లెక్కల మాస్టారైనా ఊళ్ళో అర్జీలన్నీ రాసేది నేనే కనక ఆ వాంగ్మూలం కూడా నేనే రాశాను: “అనారోగ్యం వల్ల కాలిలో స్పర్శ తగ్గి, డ్రైవరు బ్రేకును తగినంత బలంగా నొక్కలేకపోయింది.” చిన్న వాక్యం. ఎక్కడా తప్పు లేదు. జిపార్ చదివింది, సంతకం పెట్టింది. ఆ తర్వాత కారు నడపలేదు. నేను నడపనివ్వలేదు అనడం సరైన మాట. పొరుగూళ్ళ కాన్పులకు వెళ్ళడం మానేసింది. డిసెంబరులో మూత్రపిండాలు దెబ్బతిన్నాయి. జనవరి ఇరవై ఆరున పోయింది. ఆమె చావుకూ కారుకూ సంబంధం లేదు. ఉన్నట్టు రాస్తే అబద్ధం అవుతుంది.

ఆమె స్థానంలో నాజిక్ అనే అమ్మాయి వచ్చింది. ఇరవై నాలుగేళ్ళు. ఆరోగ్య కేంద్రానికి బండి లేదు. నెలాఖరుకు ఈ కారు ఆ అమ్మాయికి ఇస్తానని నలభయ్యో రోజు ప్రార్థనకు వచ్చినవాళ్ళ ముందు మాట ఇచ్చాను.

మంచు కుప్ప ముందు కూర్చుని ఆలోచించాను. కారు ఆగుతుందా ఆగదా అన్నది నాజిక్‌కు కావలసిన జవాబు. నేను రాసిన వాక్యం నిజమా కాదా అన్నది నాకు కావలసింది. ఆ రోజు మధ్యాహ్నం పాఠాలు ఇంకొకరికి అప్పగించి పక్కనున్న పెద్ద ఊరు కొచ్కోర్ వెళ్ళాను.

కొచ్కోర్‌లో పాత సమష్టి వ్యవసాయ క్షేత్రపు ట్రాక్టర్ల షెడ్డులో షెర్గాజీ కార్లు బాగుచేస్తాడు. అరవై దాటిన మనిషి. గొంతు పెద్దది. కారు ఎవరిదో అతనికి తెలుసు. బానెట్ ఎత్తకముందే నన్ను స్టూలు మీద కూర్చోబెట్టి, రొట్టె తుంచి చేతికిచ్చి, జిపార్ పేరు మీద రెండు ప్రార్థన వాక్యాలు చదివి, అరచేతులతో ముఖం తుడుచుకున్నాడు. నేనూ తుడుచుకున్నాను.

“నా చిన్నదాన్ని లోకంలోకి లాగింది ఆ చేతులే,” అన్నాడు. “ఇక చెప్పండి మాస్టారూ. ఏమంటోంది బండి?”

చెప్పాను. అతను నాలుగు చక్రాలూ విప్పాడు. ప్యాడ్లు చూశాడు, గొట్టాలు వేళ్ళతో తడిమాడు, బ్రేకు నూనె చుక్క వేలి మీద వేసుకుని వెలుతురుకు పట్టాడు. తర్వాత స్టీరింగ్ కింద తీగ గుచ్చి లాప్‌టాప్ తెరిచాడు. గంటసేపు పట్టింది.

“ఏమీ లేదు,” అన్నాడు చివరికి. “ఒక్క తప్పూ చూపించడం లేదు. జారుడు గుర్తున్న ఆ పసుపు దీపం ఎప్పుడైనా వెలిగిందా?”

“లేదు.”

“చూశారా. మీ బండికి జలుబు కూడా లేదు. ఏమీ అనుకోకండి మాస్టారూ, మీ కాలే సరిగ్గా పడలేదేమో. మనిషి దిగులులో ఉన్నప్పుడు కాలు ఒకచోట, మనసు ఒకచోట ఉంటాయి.”

అతను మంచి ఉద్దేశంతోనే అన్నాడు. నవంబరులో నేనూ మంచి ఉద్దేశంతోనే అన్నాను.

“షెర్గాజీ, నా కాలు సరిగ్గానే పడింది. నాకంటే ముందు ఇంకొకరు ఇదే మాట చెప్పారు. ఇద్దరి కాళ్ళూ ఒకే అబద్ధం చెప్పవు,” అన్నాను.

అతను లాప్‌టాప్ మూశాడు. ఆ ఇంకొకరు ఎవరని అడగలేదు.

“ఎక్కడ జరిగింది?”

“బడి గేటు దగ్గర.”

“అక్కడ రోడ్డు ఎలా ఉంది? లెక్క చెప్పినట్టు చెప్పండి. ఏదీ వదలకుండా.”

దారికి కుడి పక్క వరసగా పోప్లార్ చెట్లున్నాయనీ, వాటి నీడలో రోడ్డు కుడి సగం మార్చి నెలాఖరు దాకా మంచు గడ్డ కట్టే ఉంటుందనీ, ఎడమ సగం మీద ఎండ పడి ఎండిపోయిందనీ చెప్పాను.

“అంటే కుడి చక్రాలు గడ్డ మీద, ఎడమవి తారు మీద.”

“అవును.”

“నవంబరులో?”

“నవంబరులో కూడా అంతే. ఆ సాయంత్రం నేను పరీక్ష చేస్తే మాత్రం పదిసార్లూ ఆగింది.”

“ఆ పరీక్ష ఎక్కడ చేశారు?”

“ఎండిన రోడ్డు మీద.”

షెర్గాజీ నాలుక చప్పరించాడు. “నా ముగ్గురు పిల్లలకూ లెక్కలు మీరే చెప్పారు. ఒక్కడికీ రాలేదు. ఇప్పుడర్థమైంది ఎందుకో. పదండి.”

షెడ్డు వెనక ధాన్యం గోదాము గోడ నీడలో అలాంటి రోడ్డే ఉంది. సగం గడ్డ, సగం తారు. అతనే నడిపాడు, నేను పక్కన కూర్చున్నాను. మనిషి నడిచే వేగానికి కాస్త ఎక్కువ. గట్టిగా బ్రేకు తొక్కాడు. పెడల్ అతని బూటు కింద టకటకలాడింది. కారు గోదాము తలుపు దాటి, ఆ తర్వాతి కిటికీ దాకా పోయి ఆగింది.

“ఓరి నీ…” అన్నాడు. మిగతాది నా ముందు మింగాడు. వెనక్కి తీసుకొచ్చి మళ్ళీ తొక్కాడు. మళ్ళీ అంతే. మూడోసారి ఎండిన తారు మీద తొక్కితే ముక్కు వంచి అక్కడికక్కడే నిలిచింది.

షెడ్డులోకి తిరిగొచ్చాం. బానెట్ ఎత్తి, రెండు చేతులూ అంచు మీద ఆనించి, లోపలికి చూస్తూ నిలబడ్డాడు. తర్వాత అడిగాడు.

“ఇది పుట్టినప్పుడు స్టీరింగ్ కుడి పక్కనుండేది కదూ?”

“ఉండేదట. కొనేటప్పటికే ఎడమకు మార్చి ఉంది. జపాన్ నుంచి వచ్చినవన్నీ అంతే కదా.”

“అంతే. నేనూ నలభై బళ్ళు మార్చి ఉంటాను.” అతను జాకీ తెచ్చి ముందు భాగాన్ని నేల నుంచి లేపాడు. లాప్‌టాప్ నా ఒళ్ళో పెట్టాడు. తెర మీద నాలుగు గడులున్నాయి: ముందు ఎడమ, ముందు కుడి, వెనక ఎడమ, వెనక కుడి. అన్నిటిలోనూ సున్నా. “ప్రతి చక్రం దగ్గరా ఒక చెవి ఉంటుంది మాస్టారూ. చక్రం ఎంత వేగంగా తిరుగుతోందో విని, జారే చక్రం బ్రేకును టకటకా వదిలి పట్టే ఈ పెట్టెకు చెబుతుంది. నేను కుడి చక్రాన్ని చేత్తో తిప్పుతాను. అంకె కదిలితే చెప్పండి.”

అతను కారు కుడి పక్కకు వెళ్ళి మోకాళ్ళ మీద కూర్చుని చక్రాన్ని బలంగా తిప్పాడు.

“కదిలింది. మూడు. నాలుగు.”

“ఏ గడి?”

“ముందు ఎడమ.”

“నేను తిప్పేది కుడి చక్రం.”

“ఇక్కడ ఎడమ అనే ఉంది.”

“అద్దాలు తుడుచుకోండి.”

తుడుచుకున్నాను. అతను మళ్ళీ తిప్పాడు. ఎడమ గడిలో ఐదు, ఆరు. కుడి గడిలో సున్నా. అతను లేచి, కారు చుట్టూ తిరిగి వచ్చి ఎడమ చక్రం తిప్పాడు. కుడి గడిలో అంకె కదిలింది. తర్వాత తెరను తన వైపు తిప్పించి తానే చూశాడు, ఒక చేత్తో చక్రం తిప్పుతూనే.

“అయ్యో దేవుడా,” అన్నాడు. ఈసారి గొంతు పెద్దగా లేదు.

ఇంజను పక్కన, నల్ల టేపు చుట్టిన రెండు అతుకులు చూపించాడు. స్టీరింగ్ మార్చినప్పుడు బ్రేకు పెట్టెను కూడా అటు పక్క నుంచి ఇటు పక్కకు జరిపారు. తీగలు చాలక కోసి, ముక్కలు కలిపి పొడిగించారు.

“ఎవడో చాలా శ్రద్ధగా చేశాడు. టంకం చూడండి, ఎంత శుభ్రంగా ఉందో. స్టీరింగ్ ఇటు, పెడళ్ళు ఇటు, వైపర్లు ఇటు. కుడిది ఎడమకు, ఎడమది కుడికి. రోజంతా అదే చేసి చేసి, ఈ రెండు చెవుల్నీ కూడా ఇటుది అటు చేశాడు. చక్రాలు మాత్రం ఎక్కడివక్కడే ఉంటాయి కదా! వాటిని ఎవడు మారుస్తాడు?”

“మరి తెర మీద తప్పని ఎందుకు రాలేదు?”

“రెండు చెవులూ బాగానే వింటున్నాయి. ఎవరు ఎవరో మాత్రమే పెట్టెకు తెలియదు. గడ్డ మీద కుడి చక్రం బిగుసుకుని జారిందనుకోండి. పెట్టెకు ఎడమది జారినట్టు వినబడుతుంది. వెంటనే ఎడమ బ్రేకు వదిలేస్తుంది. తారు మీద పట్టు ఉన్నది ఆ ఒక్కదానికే. దాన్ని వదిలేసి, జారేదాన్ని పట్టుకుని కూర్చుంటుంది. ఇక బండి ఎలా ఆగుతుంది? రెండు చక్రాలూ తారు మీదుంటే ఏమీ తెలియదు. రెండూ గడ్డ మీదున్నా పెద్దగా తెలియదు. సగం సగం ఉన్నచోటే.”

నేను అడగవలసిన ప్రశ్న ఒకటుంది. దాన్ని ఎలా అడగాలో కాసేపు చూసుకున్నాను.

“కాలిలో బలం లేని మనిషి, మెల్లగా నొక్కితే కూడా ఇలా తన్నుతుందా?”

షెర్గాజీ చేతులు గుడ్డకు తుడుచుకుంటున్నవాడు ఆగాడు.

“మెల్లగా నొక్కితే చక్రం బిగుసుకోదు మాస్టారూ. బిగుసుకోకపోతే పెట్టె కలగజేసుకోదు. తన్నిందంటే గట్టిగా నొక్కినట్టే. ఎంత గట్టిగా నొక్కితే అంత తన్నుతుంది.” తర్వాత మెల్లగా అన్నాడు, “ఆవిడ తన్నిందని చెప్పిందా?”

“చెప్పింది.”

“అయితే ఆవిడ కాలికి ఏమీ కాలేదు ఆ రోజు.”

నేను లాప్‌టాప్ స్టూలు మీద పెట్టి బయటికొచ్చి కొంచెంసేపు గోదాము వైపు చూస్తూ నిలబడ్డాను. తిరిగి లోపలికి వెళ్ళేటప్పటికి అతను కత్తెర తీసి టేపు కోయబోతున్నాడు. ఆపాను.

“రేపటి దాకా అలాగే ఉంచు. ఒక మనిషికి చూపించాలి.”

బుబుసారా ఫిబ్రవరిలో మళ్ళీ పనిలోకి వచ్చింది. చేతికర్ర ఆనించుకుని ఒంటికాలి మీద నిలబడి వండుతుంది. మర్నాడు పిల్లలు తిని వెళ్ళాక వంటింట్లోకి వెళ్ళి, నాతో కొచ్కోర్ దాకా రావాలని అడిగాను.

“దేనికి?”

“కారు చూపించడానికి.”

“నీ కారును నేను చాలా దగ్గరగా చూశాను మాస్టారూ. ఇంకో కాలు మిగిలింది, దాన్ని కూడా అడుగుతున్నావా?”

“ఆ కారులో కాదు. అది షెడ్డులోనే ఉంది, నేను బస్సులో తిరిగొచ్చాను. ఇప్పుడూ బస్సులోనే.”

ఆమె చేతులు కడుక్కుని తలగుడ్డ సరిచేసుకుంది. బస్సెక్కాం. వేయించిన పిండి ముక్కలు సంచీలో తెచ్చింది, నాకు నాలుగు ఇచ్చింది.

షెర్గాజీ ఆమెకు స్టూలు వేశాడు. ఆమె కూర్చోలేదు. కర్రను గోడకు ఆనించి, కుడి చక్రం దగ్గర వంగి, పెద్ద గిన్నెలో పిండి కలిపే చేతుల్తో దాన్ని తిప్పింది. నేను లాప్‌టాప్ ఆమె వైపు పట్టుకున్నాను. ఎడమ గడిలో అంకె కదిలింది. షెర్గాజీ మళ్ళీ మొదటి నుంచీ చెప్పాడు. ఆమె మధ్యలో రెండుసార్లు ఆపి అడిగింది. ఒకసారి తిట్టింది, ఎవరినో తెలియదు.

చివరికి స్టూలు మీద కూర్చుంది.

“ఆసుపత్రికి ఏడుసార్లు వచ్చింది నీ భార్య,” అంది. “వచ్చినప్పుడల్లా అదే మాట. ‘అక్కా, నొక్కాను, తన్నింది.’ నేను ‘సరేలే తల్లీ, పోనీలే’ అనేదాన్ని. పోనీలే అంటే క్షమించినట్టు అనుకున్నాను. ఆమె క్షమించమని అడగలేదు. నమ్మమని అడిగింది.”

“నన్నూ అదే అడిగింది,” అన్నాను.

“నువ్వేం చేశావు?”

“వాంగ్మూలం రాశాను. కాలిలో బలం లేదని. ఆమె చేత సంతకం పెట్టించాను.”

బుబుసారా నన్ను తిట్టలేదు. తిడితే బాగుండును అనిపించింది. షెర్గాజీ వైపు తిరిగి, “నువ్వేం చూస్తున్నావు? బాగుచెయ్యి,” అంది.

రెండు తీగలు కోసి, అటుది ఇటు కలిపి, టంకం వేసి, టేపు చుట్టడానికి అరగంట పట్టింది. చక్రాలు తిప్పి చూశాం. కుడిది కుడి గడిలో, ఎడమది ఎడమ గడిలో. గోదాము నీడలో షెర్గాజీ మూడుసార్లు తొక్కాడు. మూడుసార్లూ తలుపు ముందే ఆగింది. నాలుగోసారికి బుబుసారా ముందు తలుపు తీసి లోపల కూర్చుంది.

“మాస్టారు నడపాలి. మన గేటు దగ్గర చెయ్యాలి,” అంది. “గోదాము నాకెందుకు? నన్ను గుద్దింది గోదాము దగ్గరా?”

మేం ఊరు చేరేటప్పటికి మూడున్నర. పోప్లార్ల కింద గడ్డ పైపైన కరిగి మెరుస్తోంది. ఆమె బెల్టు పెట్టుకుంది, కర్రను రెండు మోకాళ్ళ మధ్య నిలబెట్టి గట్టిగా పట్టుకుంది. నేను కారు జారిన ఉదయం వచ్చిన వేగంతోనే వచ్చి పూర్తిగా తొక్కాను. పెడల్ తన్నింది. కారు కొంచెం ఎడమకు లాగింది, స్టీరింగ్ నిటారుగా పట్టుకున్నాను. గేటుకు ముందే ఆగింది.

“మళ్ళీ,” అంది.

మళ్ళీ చేశాను. ఐదుసార్లు చేయించింది. ఐదోసారి తర్వాత బెల్టు తీసి, “నువ్వు చెబుతావా, నేను చెప్పనా?” అంది.

“నేనే చెబుతాను.”

“ఎక్కడ?”

“ముందు పోలీసు కుర్రాడికి కొత్త కాగితం రాసిస్తాను. తర్వాత రేపు భోజనాల గదిలో.”

మర్నాడు మధ్యాహ్నం ఉపాధ్యాయులంతా పొడుగు బల్ల దగ్గరున్నారు. నాజిక్‌ను కూడా పిలిపించాను. నేను లేచి నిలబడి, కారులో ఏం లోపం ఉందో, ఎలా దొరికిందో చెప్పాను. జిపార్ ఆ రోజు బ్రేకు గట్టిగా నొక్కిందని చెప్పాను. నొక్కలేదని రాసింది నేనేననీ, అది తప్పనీ, ఆ ఉదయం కొత్త వాంగ్మూలం ఇచ్చి వచ్చాననీ చెప్పాను. నాలుగు నిమిషాలు కూడా పట్టలేదు.

“మాస్టారూ, ఆమెను ఎవరూ ఏమీ అనుకోలేదు,” అంది హెడ్‌మాస్టరమ్మ మెత్తగా. “పోయినావిడ విషయం ఇప్పుడెందుకు?”

“అందరూ అనుకున్నారు,” అంది బుబుసారా సూపు గంటె పట్టుకునే. “నేనూ అనుకున్నాను. ఆయన్ను చెప్పనివ్వండి. సూపు ఎక్కడికీ పోదు.”

 తర్వాత చరిత్ర చెప్పే ముసలాయన అరచేతులు పైకెత్తి జిపార్ పేరు పలికాడు. అందరూ ముఖాలు తుడుచుకున్నారు.

నాజిక్ నా వెంట బయటికొచ్చింది. కారు చుట్టూ ఒకసారి నడిచింది, వంగి ముందు చక్రం చూసింది.

“ఇప్పుడు పెడల్ తన్నదు కదా మాస్టారూ?”

“తన్నుతుంది,” అన్నాను. “గడ్డ మీద ఎప్పుడూ తన్నుతుంది, తన్నాలి కూడా. భయపడి కాలు తీయకు. ఆగేదాకా నొక్కే ఉంచు. జిపార్ అలాగే నొక్కింది.”